గాలికి వీపు పెట్టి

తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట కొత్తగా పరిచయమైనవారు మొదట అడిగే ప్రశ్న "మీదే ఊరండీ?" అనే కదా. నేను "సిరుగుప్ప" అంటాను. అవతలివారి ముఖంలో గుర్తుపట్టిన వెలుగేమీ కనిపించదు. "బళ్ళారి జిల్లా" అంటాను. "ఓహో, కన్నడంవాళ్ళా! తెలుగు భలే మాట్లాడుతున్నారే!" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు విని విని నాకు అలవాటైపోయింది.

మాది 1953 దాకా మద్రాసు రాష్ట్రం. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మా సిరుగుప్ప మిగతా తాలూకాలతో కలిసి మైసూరుకు పోయింది. "మనం యాడికీ పోలేదు, గీత మనింటి మీంచి పోయింది" అనేది మా అవ్వ. బజారులో కన్నడం, ఇంట్లో తెలుగు, జట్కా స్టాండులో ఉర్దూ. మూడూ కలిపి ఒకే వాక్యంలో వాడినా ఎవరూ వింతగా చూడరు.

ఊరిపేరు సిరి, కుప్ప అనే రెండు మాటల నుంచి వచ్చిందంటారు. సంపద కుప్పపోసిన ఊరు. బళ్ళారి నుంచి ఉత్తరంగా 55 కిలోమీటర్లు, నల్లరేగడి మీద చెట్టూ చేమా లేని దారిలో వచ్చి వచ్చి, ఒక్కసారిగా పచ్చటి వరిమళ్ళలో దిగుతాం. అక్కడ తుంగభద్ర రెండు పాయలుగా చీలి, మధ్యలో దేశనూరు ద్వీపాన్ని చుట్టుకుంటుంది. కోస్తావాళ్ళయితే లంక అంటారు, మేము నడుగడ్డ అంటాం. ఊరి పక్క పాయ సన్నది. ఎండాకాలంలో మోకాలి లోతులో దాటి అవతలికి పోయేవాళ్ళం.

ఇవన్నీ సరే, మా ఊరి గురించి ఒక్కమాటే చెప్పమంటే నేను గాలి గురించి చెప్తాను. ఆషాఢం వచ్చిందంటే పడమటి గాలి మొదలవుతుంది. వానంతా కొండల అవతల, కరావళి వైపే కురిసిపోతుంది. మాకు మిగిలేది ఉత్తగాలి. ఆరేసిన చీర తీగమీద నిలవదు. అన్నంలో ఇసుక. తలుపు వేస్తే ఉక్క, తీస్తే దుమ్ము. ఆ గాలిలో రోడ్డు పక్కన నిలబడిన జట్కాలే నాకు మొదట గుర్తొస్తాయి. ఎందుకంటే ఊరిలోని మనుషులందరూ ఆ గాలిని తిట్టుకుంటుంటే, దాంతో ఎలా మెలగాలో తెలిసినవి ఆ గుర్రాలే.

గుర్రాన్ని ఊరికే వదిలితే గాలికి తోక పెట్టి, తల వంచి నిలబడుతుంది. కానీ జట్కాకు కట్టిన గుర్రం తనంతట తాను తిరగలేదు. అందుకని మా జట్కా మామ బండినే తిప్పి పెట్టేవాడు. అప్పుడు దుమ్మంతా కమానులోంచి దూరి లోపల కూర్చున్నవాళ్ళ ముఖాన కొట్టేది. ఎవరైనా గొణిగితే, "నీ ముఖాన పడితే ఇంటికి పోయి కడుక్కుంటావు. దాని ముఖం ఎవరు కడగాల, నేను గదా?" అనేవాడు. దానికి జవాబు లేదు.

ఆయన్ను మేము మామా అనే పిలిచేవాళ్ళం. మా వీధి చివర ఇల్లు. 1970ల చివర నుంచి మమ్మల్ని, అంటే మా వీధి పిల్లలు ఆరుగురిని, బడికి తీసుకుపోయింది ఆయనే. గుర్రం ఎర్రమట్టి రంగుది, ఆడది, పొట్టిది. పెద్ద పెద్ద అరబ్బు గుర్రాలను మీరు సినిమాల్లో చూసి ఉంటారు. ఇది ఆ తెగ కాదు. మా వైపు తట్టు అంటారు. దక్కనులో పుట్టి, దక్కను ఎండలో పెరిగి, దొరికింది తిని బతికే పొట్టి గుర్రం. కొనేటప్పుడు మామ దాని ఒంటిమీది సుడులన్నీ లెక్కపెట్టాడట. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి మంచిదో, ఎక్కడుంటే చెడ్డదో ఆయనకు నోటికి వచ్చు. ఈ విద్య చాలా పాతది. మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యమే రాశాడు. మామకు ఆ కవి సంగతి తెలియదు, సుడుల సంగతి తెలుసు.

జట్కా తోలడం చూడటానికి తేలికే. గుర్రాన్ని సాకడమే కష్టం. మామ తెల్లవారక ముందే లేచి లద్ది ఎత్తి, నేల ఊడ్చి, గుర్రానికి మాలీసు చేసేవాడు. నాలుగు గిట్టలూ ఒక్కొక్కటే ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, మొద్దు కత్తితో సందుల్లో ఇరుక్కున్న రాళ్ళు తీసేవాడు. నల్లరేగడి తడిస్తే గిట్టకు ముద్దలా పట్టుకుంటుంది, ఎండితే రాయవుతుంది. నాడాలు అరిగితే కొట్టించాలి. నీళ్ళు, గడ్డి, మళ్ళీ నీళ్ళు. గుర్రం కడుపు దాని ఒళ్ళుతో పోలిస్తే చిన్నది. ఎద్దులాగ ఒకసారి మేసి పడుకుని నెమరువేసే జాతి కాదు, కొంచెం కొంచెంగా రోజంతా తినాలి. బేరం ఉన్న రోజూ తినాలి, లేని రోజూ తినాలి. "బండికి పని లేకుంటే మూల పెట్టొచ్చు. దీన్ని మూల పెట్టేకి అవుతుందా?" అనేవాడు.

సాయంత్రం దాణా ఉలవలు. ఇక్కడ మా ఇంటికీ ఆ గుర్రానికీ ఒక ఒప్పందం ఉండేది. మామ ఉలవలు తెచ్చిస్తే మా అమ్మ పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి మీద పెద్ద బిందెలో ఉడికించేది. గుగ్గిళ్ళు గుర్రానికి, ఉలవకట్టు మాకు. చింతపండు పిసికి, వెల్లుల్లి తాలింపు పెట్టి రెండు రోజులు కాచిన ఆ చారు రుచి, ఇప్పుడు సూపర్‌బజారుల్లో దొరికే పొట్లాలకు ఎక్కడిది! మేము గుర్రంతో పొత్తు భోజనం చేసి పెరిగామని మా తమ్ముడు ఇప్పటికీ అంటుంటాడు.

ఒక రాత్రి గుర్రానికి కడుపుశూల వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గుర్రానికి శూల వస్తే మనిషికి వచ్చినట్టు కాదు. దానికి వాంతి కాదు. కడుపు నోటి దగ్గరి కండరం అంత బిగువుగా ఉంటుంది, లోపలికి పోయింది వెనక్కి రాదు. నొప్పితో కింద పడి దొర్లిందంటే పేగు మెలిపడి చచ్చిపోవచ్చు. అందుకని దాన్ని పడుకోనివ్వకుండా మామ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. మా అమ్మ వాము, ఇంగువ వేసి కషాయం కాచి ఇచ్చింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని గిట్టల చప్పుడు వింటూ ఎప్పుడో నిద్రపోయాను. తెల్లవారుజామున మామ కేక విని వీధి వీధంతా లేచింది. "లద్ది వేసింది! లద్ది వేసింది!" కూతురికి పెళ్ళి కుదిరినా అంత సంతోషంగా చెప్పి ఉండడు.

1980ల నడుమ మా ఊరికి ఆటోలు వచ్చాయి. మొదట రెండు, మూడు. నేను పదో తరగతికి వచ్చాను. బడికి ఆలస్యమవుతోందనీ, పరీక్షల ఏడనీ నాన్న ఆటో కుదిర్చాడు. మా వీధిలో జట్కా మానుకున్న మొదటి ఇల్లు మాదే. నెల తిరక్కుండానే మిగిలినవాళ్ళూ మానుకున్నారు. నాన్నది తప్పని అనను. ఆటో నిజంగానే పది నిమిషాలు ముందు చేర్చేది. డబ్బు కూడా కలిసివచ్చేది.

కానీ గుర్రానికి ఈ సంగతి ఎవరు చెప్తారు? పొద్దున ఎనిమిదిన్నరకు అది మా ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయేది. మామ పగ్గం లాగినా కదిలేది కాదు. రోజూ మేము ఎక్కడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు నిలబడి, తర్వాత తనే కదిలేది. మెడలోని గజ్జెల చప్పుడు వినగానే నేను వంటింట్లోకి పోయేదాన్ని. మామ ఒక్కరోజూ తలుపు తట్టలేదు, లోపలికి తొంగి చూడలేదు. వారం రోజులకు అనుకుంటాను, ఆయన వేరే వీధి గుండా పోవడం మొదలుపెట్టాడు. ఉలవలు తెచ్చివ్వడమూ మానేశాడు. మా ఇంట్లో ఉలవచారు ఆగిపోయింది. తర్వాత నేను కాలేజీకి బళ్ళారి వెళ్ళాను, పెళ్ళయింది, ఊరికి రాకపోకలు పండుగలకే అయ్యాయి. గుర్రం సంగతి మరిచిపోయానని చెప్పను, తలుచుకోలేదు.

మళ్ళీ తలుచుకోవలసి వచ్చింది ఎక్కడంటే, సిరుగుప్పకు ఏ సంబంధమూ లేని చోట.

2012లో మావారికి షెట్లాండ్ దీవుల్లో, అక్కడి చమురు కేంద్రంలో రెండేళ్ళ పని దొరికింది. స్కాట్లాండ్ పై కొసకు 100 మైళ్ళ ఉత్తరాన, సముద్రం మధ్యలో ఉంటాయవి. అబర్డీన్‌లో సాయంత్రం ఓడ ఎక్కితే తెల్లారి లెర్విక్‌లో దిగుతాం. చెట్లు లేవు. ఎటు చూసినా పచ్చిక, రాళ్ళు, నీళ్ళు. గాలి! ఓడ దిగి నిలబడగానే ఆ గాలి నా కొంగును లాగి నెత్తిన కప్పింది. మావారు భయపడ్డారు. నాకు నవ్వొచ్చింది. "ఇది మా ఆషాఢమే, కాస్త చల్లబెట్టి పంపారు" అన్నాను.

మేమున్నది లెర్విక్ దాటాక ఒక పల్లెలో. పక్కింటి పెద్దావిడకు డెబ్బై ఏళ్ళు దాటాయి, ఒక్కతే ఉండేది. ఆవిడకు ఐదు షెట్లాండ్ పోనీలు. పుస్తకాల్లో బొమ్మలు చూసినవాళ్ళు అవి ఆటబొమ్మల్లాంటి గుర్రాలనుకుంటారు. నిజమే, ఆ జాతిలో 42 అంగుళాలకు మించి ఎత్తుండకూడదని నియమం. మన బల్లకన్నా కాస్త ఎక్కువ. కానీ ఆ దీవుల్లో నేల తవ్వితే వచ్చే మట్టిబొగ్గును బుట్టల్లో ఇళ్ళకు మోసింది అవే. 1842లో బ్రిటన్‌లో ఆడవాళ్ళనూ పదేళ్ళలోపు మగపిల్లలనూ గనుల్లోకి దింపకూడదని చట్టం వచ్చింది. పిల్లలు లాగిన బండ్లు ఇప్పుడెవరు లాగాలి? సన్నటి సొరంగాల్లో పట్టేంత పొట్టివి, బరువు లాగగలిగేంత గట్టివి ఈ గుర్రాలే. మంచి మగగుర్రాలన్నీ ఓడలెక్కి గనులకు పోయాయి. లండన్‌డెరీ ప్రభువు బ్రెస్సే, నాస్ అనే దీవుల మీద గనుల కోసమే వాటిని పెంచాడు. 1890లో ఆ జాతికి వంశావళి పుస్తకం మొదలైంది. పసిపిల్లలు బయటికి రావడానికి ఈ పొట్టి గుర్రాలు లోపలికి పోయాయన్నమాట. ఆ చీకట్లో బతుకంతా గడిపినవి ఉన్నాయట. మా పక్కింటావిడ ఈ సంగతి చెప్పినప్పుడు గొంతులో ఏ మార్పూ లేదు. అక్కడివాళ్ళ తీరే అంత, విచారాన్ని వాతావరణ వార్తలాగ చెప్తారు.

చలికాలంలో అక్కడ పగలు ఆరు గంటలు కూడా ఉండదు. పొద్దున తొమ్మిదికి చీకట్లోనే ఆవిడ టార్చి పట్టుకుని బయలుదేరేది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. బడి లేని రోజు ఆవిడ వెంట తనూ, తన వెంట నేనూ. నీళ్ళ తొట్టిలో గడ్డకట్టిన మంచు పగలగొట్టడం, ఎండుగడ్డి మోపు విప్పి గాలికి ఎగిరిపోకుండా రాతిగోడ చాటున వేయడం, ఒక్కొక్క గుర్రం చుట్టూ తిరిగి కుంటుతోందా, దగ్గుతోందా చూడడం. చాలా రోజులు వాటికి కొట్టమే అక్కర్లేదు. ఒంటిమీద రెండు వరసల వెంట్రుకలు. పై వరస పొడుగ్గా ఉండి నీటిని జార్చేస్తుంది, లోపలి వరస కంబళి. గాలి ఉధృతమైతే అన్నీ ఒకేసారి వెనక్కి తిరిగి, తోకలు గాలికి పెట్టి, తలలు వంచి నిలబడేవి. మొదటిసారి అది చూసినప్పుడు నేను అక్కడే ఆగిపోయాను. సిరుగుప్ప బస్టాండు ముందు నిలబడినట్టయింది. పక్కన ఉంటే మామ ఏమనేవాడో కూడా వినిపించింది.

వింతేమిటంటే, వాటికి ప్రమాదం చలికాలంలో కంటే ఎండాకాలంలోనే ఎక్కువ. కొత్త పచ్చిక దండిగా దొరికితే ఈ గుర్రాలు తెగమేసి, గిట్టల లోపల వాచి, నడవలేక పడిపోతాయి. వందల ఏళ్ళు కరువులో బతికిన ఒంటికి సమృద్ధి పడదు. అందుకని ఆవిడ మంచి పచ్చికకు కంచె కట్టి, వాటిని రాళ్ళ నేలలోకి తోలేది. సముద్రపొడ్డుకు దిగి అవి నాచు కూడా తినేవి.

ఒక సాయంత్రం టీ తాగుతూ ఆవిడ మరో సంగతి చెప్పింది. పాతరోజుల్లో అక్కడ మరొకరి గుర్రం తోక వెంట్రుకలు కోయడం నేరమట. చేపలు పట్టే దారాలకు ఆ వెంట్రుకలే ఆధారం. నేనూరుకుంటానా! మా తుంగభద్ర ఒడ్డునే, మా ఊరికి ఎగువన, గుర్రం తోకలకు డబ్బిచ్చిన రాజు ఉన్నాడన్నాను. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు ఓడల్లో గుర్రాలు తెప్పించేవాడు. మూడు గుర్రాలకు వెయ్యి వరహాలు. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికినదాని ధరే ఇచ్చేవాడట. ఇది రాసింది నూనిజ్ అనే పోర్చుగీసువాడు. ఆ తర్వాతి కాలంలో రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడనీ రాశాడు. ఏటా ఎందుకు? మన ఎండకూ, మన మేతకూ ఆ పరదేశపు గుర్రాలు నిలిచేవి కావు, సంతతీ సరిగా వృద్ధయ్యేది కాదు. హంపీలో హజార రామాలయం గోడల మీద బారులు తీరిన గుర్రాలను చూసినవారు, వాటిలో ఎన్ని మరుసటి ఏడు చూశాయో అని కూడా ఆలోచించాలి. రాతిలో ఎక్కినవి అరబ్బు గుర్రాలు. ఇక్కడే ఉండి మూటలు మోసిన తట్టులను ఎవరు చెక్కుతారు?

2013 చలికాలం. ఒక రాత్రి పక్కింటావిడ తలుపు తట్టింది. ముసలి గుర్రానికి శూల. పశువైద్యుడు మరో దీవిలో ఉన్నాడు, వచ్చేసరికి తెల్లవారుతుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నేను కోటు వేసుకుని వెళ్ళి తాడు పట్టుకున్నాను. రాతిగోడ చాటున ఇటు ఇరవై అడుగులు, అటు ఇరవై అడుగులు. కాసేపు నడక, కాసేపు విశ్రాంతి. గాలిలో వానజల్లు సూదుల్లా గుచ్చుతోంది. చేతులు తాడును పట్టుకున్నాయో లేదో తెలియడం లేదు. నాకు తెలిసిన తెలుగు, కన్నడం, మామ ఉర్దూ అన్నీ ఆ గుర్రం చెవిలో పోశాను. నాలుగు గంటలకు అది లద్ది వేసింది. నేను వేసిన కేకకు మావారు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చారు. ఆరింటికి వైద్యుడు వచ్చి సూది వేశాడు. నడిపించడం వల్లే తగ్గిందని నేననను. ఆయనా అనలేదు.

వేడి టీ చేతిలో పెట్టి ఆవిడ అడిగింది, ఇదంతా నీకెలా తెలుసని. మామ గురించి, కిటికీలోంచి విన్న గిట్టల చప్పుడు గురించి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. చివర్లో అడిగింది, "మరి ఆ గుర్రం ఏమైంది?"

నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ మాట ఆవిడతో అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

మేము ఆ దీవులు వదిలి వచ్చే ఏడు ఆవిడ మగగుర్రాన్ని మందలోకి వదల్లేదు. తన తర్వాత చూసేవాళ్ళు లేనప్పుడు కొత్త పిల్లలెందుకు అంది. అక్టోబరులో లెర్విక్‌లో జరిగే గుర్రాల సంతలో ధర పలకని పిల్లల గురించి తలుచుకుని ఆ మాట అంది.

సిరుగుప్పకు అమ్మాయిని తీసుకుని స్థిమితంగా వెళ్ళడం నిరుడు ఆషాఢంలోగానీ కుదరలేదు. ఆమెకిప్పుడు పద్దెనిమిది దాటాయి. ఊరు మారిపోయింది. బియ్యం మిల్లులు, ఎరువుల దుకాణాలు, ఫ్లెక్సీ బోర్డులు. జట్కా స్టాండు ఉన్నచోట మొబైల్ ఫోన్ల కొట్టు. గాలి మాత్రం ఉంది. రైలు ఇప్పటికీ లేదు.

మామ పోయి పదేళ్ళ పైనే అయిందట. కొడుకు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకు ఇప్పుడు రెండు ఆటోలు. "రా అక్కా, ఇన్నేండ్లకు గుర్తొచ్చినామా?" అని లోపలికి పిలిచి చాప పరిచాడు. భార్య టీ తెచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక సూటిగానే అడిగేశాను, మీ గుర్రం ఏమైందని. మేమే మొదట మానుకున్నామని కూడా అనేశాను.

ఆయన నవ్వాడు. "అదేం మాటక్కా. మీరు కాకుంటే ఇంకొకరు. నేనే మొదటి ఆటో కొనింది ఆ రెండేండ్లకే."

జట్కాను ముందే అమ్మేశారట. బండి కొన్నవాడు గుర్రం వద్దన్నాడు, కట్టెలకు కొన్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర మామ ఏ పనీ లేని గుర్రాన్ని కట్టేసి సాకాడు. ఉలవలు కొనేకి డబ్బు లేక, కాలువ గట్ల మీద గరిక కోసుకొచ్చేవాడు. కొడుకు కోప్పడ్డాడు. ఇంట్లో రోజూ గొడవే. చివరకు కోతలయ్యాక ఊరి పొలాల్లో మంద నిలిపిన కురుబలు వచ్చి అడిగితే ఇచ్చేశాడు.

"ఎంతకు?" అన్నాను.

"దుడ్డు తీసుకోలే. గొర్రెలోళ్ళ దగ్గర దుడ్డు యాడుంటుంది? గొంగడి ఇచ్చిరి."

లోపలికి పోయి తెచ్చి చూపించాడు. నల్లగొర్రె బొచ్చుతో నేసిన గొంగడి, అంచుల్లో చిరిగింది. మామ చివరిదాకా అదే కప్పుకున్నాడట. మా అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మరుసటేడు మంద మళ్ళీ వచ్చినప్పుడు చూసేకి పోయినాడు. పక్కన పిల్ల ఉండె. ఈయన్ని గుర్తుపట్టిందో లేదో ఆ దేవునికి తెలియాల, ఉలవలు మాత్రం తినిందంట."

మాకిక కూర్చోబుద్ధి కాలేదు. కురుబల మందలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగితే, కాలువకు ఇంకా నీళ్ళు వదల్లేదు గనక ఊరవతల బీళ్ళలో ఉంటాయన్నాడు. తన ఆటోలోనే తీసుకుపోయాడు. దారిలో దేశనూరు వైపు చూపిస్తూ, నది పొంగిన ఏడు మామ గుర్రాన్ని అటు ఒడ్డున వదిలి వారం రోజులు ఇటు నిలబడిన కథ చెప్పాడు. గాలికి సగం వినిపించలేదు.

మంద చూశాం. నాలుగైదు వందల గొర్రెలు, నలుగురు మనుషులు, మూడు తట్టులు. ముందుకాళ్ళకు బందం వేసి మేతకు వదిలారు. మజిలీ మారే రోజు వాటి మీద వలలు, గొంగళ్ళు, వంటపాత్రలు, గంపలో కోళ్ళు, ముందురోజు పుట్టి నడవలేని గొర్రెపిల్లలు రెండువైపులా సంచుల్లో. పొలంలో మంద నిలిపితే పెంటకు రైతు ఇచ్చే ధాన్యమో డబ్బో వాళ్ళ రాబడి. వాళ్ళలో పెద్దాయనను మాటల్లో పెట్టాను. ఆయన కన్నడం, నేను మా ఇంటి తెలుగు, ఇద్దరికీ అడ్డం రాలేదు. తట్టులను నాందేడ్ దగ్గరి మాళెగావ్ జాతర నుంచి తెచ్చారట. ఇప్పుడు కుర్రవాళ్ళు టెంపో మాట్లాడుకుందామంటున్నారట, సామాను ఒక్క పూటలో చేరిపోతుందని. "టెంపోకు దారి కావాల. దీనికి గట్టు చాలు" అన్నాడు. మళ్ళీ తనే, "ఈ మూడు పోతే ఇంక తేము" అన్నాడు.

దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టులు కలిపి 2012 పశుగణనలో 6 లక్షల పైచిలుకు ఉంటే, 2019కి 3 లక్షల 40 వేలే మిగిలాయి. ఏడేళ్ళలో దాదాపు సగం. మహారాష్ట్రలో ధన్‌గర్లు వాడే భీమ్‌తడి తట్టును ఈ మధ్యే ఒక ప్రత్యేక జాతిగా గుర్తించి, దేశవాళీ పశువుల జాబితాలో చేర్చారు. ఒకప్పుడు మరాఠా సైన్యాలు ఎక్కి తిరిగిన గుర్రం అది. జాబితాలో పేరెక్కడం మంచిదే. అయితే పొద్దున్నే లేచి లద్ది ఎత్తేవాడు కూడా ఉండాలి గదా.

మా అమ్మాయికి ఇవేవీ పట్టలేదు. దారిలో కొట్టు దగ్గర ఆపించి కొన్న ఉలవల పొట్లం విప్పింది. "నానబెట్టకుండా పెట్టొద్దు, కడుపు నొస్తుంది" అన్నాం, నేనూ పెద్దాయనా ఒకేసారి, ఇద్దరం వేరువేరు భాషల్లో. ఆయన నా వైపు తిరిగి చూశాడు. "మీ ఇంట్లో గుర్రముండెనా?" అని అడిగాడు.

"మా వీధిలో ఉండె" అన్నాను.

ఉలవలు వాళ్ళ చెంబులోనే నానబోశాం. అవి నానేదాకా ఉండాలంటే సాయంత్రమవుతుంది. జట్కా మామ కొడుకు ఆటో నీడన గొంతుక్కూర్చున్నాడు, పోదామనలేదు. ఇంతలో గాలి లేచింది. బీడంతా ఎర్రగా, నల్లగా దుమ్ము. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చాయి. మూడు తట్టులూ మేయడం ఆపి, బందం వేసిన కాళ్ళతో గెంతుకుంటూ తిరిగి, తోకలు పడమటికి పెట్టి తలలు వంచాయి. మా అమ్మాయి చున్నీ తలకు చుట్టుకుని వాటి పక్కకు పోయి అటే తిరిగి నిలబడింది. నేనూ పోయి నిలబడ్డాను.